ఇంజెక్షన్ మరునాడు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ పక్క గల్లీలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద కమలాకర్‌కు చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర అంచు ఒక్కసారి చూసి, గోడ నిండా పేర్చిన తాన్లలోంచి సరిగ్గా ఆ రంగు జాకెట్టు గుడ్డే లాగుతాడని ఆడవాళ్ళలో అతనికి పేరు. సిరిసిల్లలో మగ్గం నేసిన ఇంట్లో పుట్టినవాడు, రంగు దగ్గర పొరపడడు. వెనకవైపు మిషన్ మీద చీరలకు ఫాల్ కుట్టే పని భార్య ప్రమోదది. కొట్టుకొచ్చే గిరాకీలో సగం ఆమె కలుపుగోలు మాటలకే వచ్చేది.

కొన్నేళ్ళ కిందట ఆమెకు చుట్టుపక్కల కొట్లవాళ్ళంతా తన గురించే గుసగుసలాడుతున్నట్టు వినిపించడం మొదలైంది. మిషన్ ఆపి చెవులు రిక్కించేది. తర్వాత నిద్ర పట్టకుండా పోయింది, తిండి తగ్గింది. మాత్రలిస్తే దిండు గలీబులో దాచేది. చివరికి పంజాగుట్టలో తహ్రీమ్ అనే డాక్టరమ్మ, మాత్రలు మాన్పించి నెలకోసారి వేసే ఇంజెక్షన్ పెట్టింది. గుసగుసలు ఆగాయి. ప్రమోద మళ్ళీ మిషన్ ముందు కూర్చుంది.

చిక్కల్లా ఇంజెక్షన్ వేసిన మరునాటిది. ఆ రోజు ఆమె దవడ బిగుసుకుపోయేది. చేతులు వణికేవి. పెదవి చివర చొంగ కారుతున్నా ఆమెకు తెలిసేది కాదు. కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచేది. ఒకటి రెండు రోజులకు అది దానంతటదే తగ్గి, మిగతా నెలంతా మామూలుగా ఉండేది.

ఆ ఒకటి రెండు రోజులు కమలాకర్ ఆమెను యూసుఫ్‌గూడలోని అద్దె ఇంట్లోనే ఉంచేవాడు. ఎవరైనా అడిగితే "అమ్మగారింటికి పోయింది" అనేవాడు. క్లినిక్‌కు తీసుకెళ్ళినా లోపలికి వెళ్ళేవాడు కాదు. తెలిసినవాళ్ళెవరైనా పిచ్చి డాక్టర్ గుమ్మంలో చూస్తారేమోనని, ఫోన్ చెవికి ఆనించుకుని ఎదుటి చాయ్ దుకాణం దగ్గర నిలబడేవాడు. "దవడ పట్టేస్తున్నదని డాక్టరమ్మకు నువ్వు జర చెప్పు, నాకు ఆడ మాట రాదు" అని ప్రమోద ఎన్నోసార్లు అడిగింది. చెప్తాలే అనేవాడు.

ఒకసారి సరిగ్గా ఇంజెక్షన్ మరునాడే బేగంపేట నుంచి చంద్రిక వస్తానంది. ఆమెకు అక్కడ బొటిక్ ఉంది, ఈ కొట్టుకు రావడం అదే మొదలు. పెళ్ళి బట్టలు ఒక్కచోటే కుట్టించి ఇస్తుంది. ఆమె ముందే పంపిన నమూనా ముక్కల కవర్‌ను కమలాకర్ ఇంట్లో మంచం మీద మరచిపోయాడు. ఆమె వచ్చి కూర్చున్నాక గుర్తొచ్చి, తాన్లు ఒక్కొక్కటీ పరిచి చూపిస్తూ కాలం గడుపుతున్నాడు.

అంతలో ఆటో ఆగింది. ప్రమోద దిగింది. కవర్ చూసి, ఇది లేకపోతే పని ఆగిపోతుందని తనే తెచ్చింది. ఒక చేత్తో కవర్ పొట్టకు అదుముకుని, రెండు మెట్లెక్కడానికి తలుపు పట్టుకుని ఆగి ఆగి ఎక్కింది. చీర కుచ్చిళ్ళు జారిపోయి ఉన్నాయి. గడ్డం తడిగా ఉంది.

"అయ్యో, ఎవరండీ ఈవిడ?" అంది చంద్రిక లేచి నిలబడుతూ.

కమలాకర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా అతన్ని కాల్చింది అదే.

"మా ఇంట్ల పనిచేస్తదండీ. జర పానం మంచిగ లేదు" అన్నాడు.

ప్రమోద అతని వైపు చూసింది. బిగిసిన ముఖంలో ఏ భావమూ కనబడలేదు. కవర్ గల్లాపెట్టె పక్కన పెట్టింది.

"కవర్ ఈడ పెట్టిన, సేటూ" అంది ముద్దముద్దగా.

చంద్రిక తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఆమె చేతికిచ్చింది. "ఇలాంటప్పుడు పనివాళ్ళనైనా పంపకూడదు కదండీ. మీరేంటి ఇలా?" అంది. కమలాకర్ తల వంచుకుని నమూనా ముక్కలు విప్పసాగాడు. అతని చేతిలో ఉన్నది చిలకాకుపచ్చో మెంతిరంగో అతనికే తెలియలేదు.

ఎదుటి కొట్లో దుపట్టాలకు రంగులద్దే మెహబూబ్ ఇదంతా చూశాడు. చేతులు తుడుచుకుని వచ్చి, ప్రమోద భుజం పట్టి మెట్లు దించి, ఆటో మాట్లాడి ఎక్కించాడు. చంద్రిక వెళ్ళిపోయాక కమలాకర్ దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"వొదినెను ఎక్కించి వచ్చిన అన్నా. ఏడ్వలేదు. ఏడుస్తే బాగుండు" అన్నాడు. అంతకుమించి ఏమీ అనకుండా వెళ్ళి తన బకెట్ల ముందు కూర్చున్నాడు.

కమలాకర్ ఆ మధ్యాహ్నమే షట్టర్ దించేశాడు. ఇంటికి వెళ్తే ప్రమోద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వెళ్ళగానే క్షమించమని అడగాలనుకున్నాడు. తీరా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"నన్ను సేటూ అని ఎందుకన్నవ్?"

"పనిమనిషి అన్నవ్ గద. నేను కాదంటే ఆమె ముందట నీ మాట పోతదని అన్న" అంది.

అది దెప్పిపొడుపు అయినా బాగుండేది. ఆమె నిజంగానే అతని పరువు కాయాలని అంది. అతను స్నానాలగదిలోకి పోయి నల్లా విప్పి, ఆ చప్పుడులో చాలాసేపు ఉండిపోయాడు.

మరునాడు పంజాగుట్ట తీసుకెళ్ళాడు. ఈసారి ఆమెతోపాటు లోపలికి వెళ్ళాడు. తహ్రీమ్ ప్రమోద మణికట్టు పట్టి మోచెయ్యి వంచి చూసింది. గేర్లు పట్టేసినట్టు చెయ్యి ఆగి ఆగి కదిలింది. నడిపించి చూసింది.

"ప్రతిసారీ ఇట్లనే అవుతుందా?"

"సూది వేసిన మరునాడు అవుతది మేడం. మల్ల తగ్గుతది" అన్నాడు కమలాకర్.

డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. "ఈ మందును నువ్వుల నూనెలో కలిపి కండలో వేస్తాం. మందంతా నూనెలో ఉండిపోయి రోజూ కొంచెం కొంచెం రక్తంలోకి దిగుతుంది. అందుకే నెలంతా పనిచేస్తుంది. కానీ మొదటి రోజు కొంత మందు ఒక్కసారే బయటికి వచ్చేస్తుంది. ఆ పోటు కొందరు తట్టుకోలేరు, ఇట్లా బిగుసుకుపోతారు. రోగం ముదిరి వచ్చింది కాదిది. డోసు సగం చేసి రెండు వారాలకోసారి వేద్దాం, ఆ పోటు తగ్గుతుంది. ఈ బిగువుకు మాత్ర కూడా ఉంది." మందుచీటీల పుస్తకం తెరుస్తూ అడిగింది. "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు? మొదటి నెలలోనే మార్చేదాన్ని."

"ఆయనకు షాపు పని ఉంటది మేడం, తీరదు" అంది ప్రమోద.

ఆమె మళ్ళీ తన పరువు కాస్తోందని కమలాకర్‌కు అర్థమైంది.

"షాపు కాదు మేడం. నాకు సిగ్గయింది. మీ తలుపు దాటనీకె సిగ్గయింది. ఈమె గిట్ల కష్టపడ్డది నా సిగ్గుకే" అన్నాడు.

డాక్టరమ్మ అతన్ని తిట్టలేదు, ఓదార్చలేదు. మందుచీటీ రాసింది.

చంద్రికకు జాకెట్టు గుడ్డలు ఇవ్వడానికి తనే బేగంపేట వెళ్ళి, "ఆ రోజు వచ్చినామె నా భార్య" అని చెప్పాడు. చంద్రిక గుడ్డలు లెక్కపెట్టుకుని, "సరేనండీ" అంది. ఆర్డర్లు ఆపలేదు. అయితే ఆనాటి నుంచి ఏ పనున్నా ప్రమోదకే ఫోన్ చేస్తుంది. అతను ఎత్తితే, "ప్రమోద గారికి ఇవ్వండి" అని ఊరుకుంటుంది.

డోసు మార్చాక బిగువు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. తర్వాతి ఇంజెక్షన్ మరునాడు కమలాకర్ పొద్దున్నే తయారై, ఆటో పిలిచి, గుమ్మంలో నిలబడ్డాడు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని గల్లీ అంతటికీ చూపాలని అతనికి ఉంది.

"కొట్టుకు పోదాం రా. ఎవలేమన్నా నాకు ఫికర్ లేదు" అన్నాడు.

ప్రమోద దుప్పటి మెడదాకా లాక్కుంది.

"నాకు నడుం నొస్తున్నది. పండుకుంట. నీ సిగ్గు పోవాలంటే నేను వచ్చి కూసోవాల్నా?"

కమలాకర్ ఆటోను పంపేశాడు. ఫ్లాస్కులో చాయ్ పోసి ఆమెకు చెయ్యి అందేచోట పెట్టి, ఒక్కడే వెళ్ళి షట్టర్ ఎత్తాడు.

పదిన్నరకు రాజమ్మ అనే పాత గిరాకీ చీర ఫాల్‌కు వచ్చి, ఖాళీ మిషన్ చూసింది. "ప్రమోద ఏది, అమ్మగారింటికి పోయిందా?" అంది.

అవునంటే సరిపోయేది. నాలుక దాకా వచ్చింది కూడా.

"లేదు రాజమ్మా. నిన్న ఇంజెక్షన్ ఏయించిన. ఇంట్ల పండుకున్నది."

"దేనికి?"

"మనసు బాగలేక. శాన రోజుల సంది ఏస్తున్నరు."

రాజమ్మ "అయ్యో" అని చీర మడత సర్దుకుంది. కమలాకర్ ముఖం మండిపోయింది. తల దించుకోకుండా, రేపొచ్చి తీసుకుపొమ్మని చీర అందుకున్నాడు.