పద్మ కంటికి తగిన స్కోప్ కోసం పేసన్ కొండలకు

దగ్గరి గురికీ దూరపు గురికీ రైఫిల్‌కి బిగించే దుర్భిణి, అంటే స్కోప్, ఒకటే సరిపోతుందా అన్న ప్రశ్నతో మేమిద్దరం మొన్న శనివారం మేముండే చాండ్లర్ నుంచి కొండల్లోని పేసన్ ఊరికి వెళ్ళొచ్చాం. ప్రశ్న మా ఆవిడ పద్మది. ఆవిడ ఫార్మసిస్టు. కొన్నేళ్ళ క్రితం తోటి ఉద్యోగిని ఒకావిడ షూటింగ్ రేంజ్‌కి రమ్మంటే సరదాగా వెళ్ళింది. అప్పటినుంచి నెలకో ఆదివారం క్లబ్ పోటీలకు వెళ్తూనే ఉంది. జంతువుల జోలికి పోదు. ఆమె కొట్టేవి కాగితాలూ ఇనుప పలకలే. ఆ పోటీల్లో ఇరవై గజాల దూరంలో ఉన్న కాగితపు గురులను చకచకా కొట్టి, ఆ వెంటనే మూడు వందల గజాల అవతలున్న పలకను మోగించాలి. నేను ఇప్పటికీ రైఫిల్ పట్టుకోను. డ్రైవింగూ పులిహోర డబ్బాలూ బైనాక్యులర్లూ నా శాఖ.

పోయిన నెల పోటీ నుంచి ఇద్దరం తిరిగొచ్చాం. ఇంటి ముందు కారు ఆపగానే పద్మ, "రైఫిల్ అమ్మేద్దామండీ. నా కళ్ళ పని అయిపోయింది" అంది. ఆమె రైఫిల్ మీద ఉన్నది రెడ్ డాట్. అంటే చిన్న అద్దంలో ఎర్ర చుక్క కనిపిస్తుంది, దాన్ని గురి మీద ఉంచి కాల్చాలి. ఆ చుక్క గుండ్రంగా ఉండాల్సింది పోయి, చెమటకు చెదిరిన కుంకుమబొట్టులా కనిపిస్తోందట. ఎప్పటినుంచి అని అడిగితే ఏడాది నుంచి అంది. పద్మ వాళ్ళమ్మగారికి గ్లాకోమాతో చూపు పోయింది. తనకూ అదే మొదలైందన్న భయంతో డాక్టర్ దగ్గరికి వెళ్ళకుండా, నాతో కూడా చెప్పకుండా ఏడాదంతా లోలోపలే పెట్టుకుంది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బతిమాలి తీసుకెళ్తే డాక్టర్ అన్ని పరీక్షలూ చేసి, గ్లాకోమా జాడ లేదు, ఉన్నదల్లా కాస్త ఆస్టిగ్మాటిజం, అంటే కంటి ముందుపొర వంపులో తేడా, అని చెప్పింది. అది ఉన్నవాళ్ళకు వెలుగు చుక్కలు చెదిరినట్టు కనిపించడం మామూలేనట. పార్కింగ్‌లో కారెక్కి పద్మ కాసేపు ఏడ్చింది, తర్వాత దోసె తినాలనిపిస్తోంది అంది. ఇక మిగిలింది ఆ కంటికి ఏ అద్దం నప్పుతుందన్నదే. ఆన్‌లైన్‌లో పదిమంది పది రకాలుగా రాశారు. క్లబ్‌లో పరిచయమైన కేరల్ అనే రిటైర్డ్ టీచరుకు పేసన్ దాటాక సొంత స్థలంలో చిన్న రేంజ్ ఉంది. తన దగ్గరున్న స్కోపులన్నీ ఒకసారి పెట్టి చూసుకోమని ఆవిడే పిలిచింది.

ఉదయం ఆరింటికి బయల్దేరాం. మేసా దాటి బీలైన్ హైవే ఎక్కితే పేసన్‌కి గంటా నలభై నిమిషాలు పడుతుంది. టోల్ లేదు గానీ మధ్యలో ఫోన్ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. పెట్రోలు బయల్దేరే ముందే నింపుకోవడం మంచిది. మొదట దారికి రెండువైపులా నిలువెత్తు సగ్వారో కాక్టస్‌లు. కొండ ఎక్కేకొద్దీ అవి పలచబడి, పేసన్ చేరేసరికి పైన్ చెట్లూ, స్వెట్టర్ వేసుకోవాల్సిన చలీ. ఊళ్ళో ఒక చిన్న హోటల్లో ఇరవై ఐదు డాలర్లలోపే ఇద్దరికీ టిఫిన్ అయిపోయింది. గుడ్లు వద్దంటే వంటాయన బంగాళాదుంపలు ఎర్రగా వేయించి, ఉల్లిపాయలూ పచ్చిమిర్చీ దట్టంగా వేసి తెచ్చాడు. వేటకు వచ్చారా అని అడిగాడు. కాదు, స్కోప్ ఎంచుకోవడానికి అని పద్మ చెప్పింది. తన పెరట్లోకి ఎల్క్ అనే పెద్ద దుప్పులు వచ్చి గులాబీలు మేసిపోతాయనీ, వాటిని చూడ్డానికి కిటికీ చాలుననీ ఆయన నవ్వాడు.

కేరల్ రేంజ్‌కి చివర కొంతదూరం మట్టిరోడ్డు, మామూలు కారు నిదానంగా వెళ్తుంది. మేం వెళ్ళేసరికి ఆవిడ ఒక్కో రకం స్కోప్ బిగించిన మూడు రైఫిళ్ళను గుళ్ళు తీసి బల్ల మీద ఉంచింది. ముందు, మేం తెచ్చిన పద్మ రైఫిల్ మీది రెడ్ డాట్‌ని నా ఫోన్‌తో ఫోటో తీయమని కేరల్ చెప్పింది. ఫోటోలో చుక్క చక్కగా గుండ్రంగా ఉంది. పద్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. డాక్టర్ చెప్పిన మాట అప్పుడు పూర్తిగా నమ్మిందనుకుంటాను.

మొదటిది మూడు రెట్లు పెద్దదిగా చూపే ప్రిజం స్కోప్. అద్దం మీదే గీతలు చెక్కి ఉండటంతో అవి చెదరలేదు. కానీ జూమ్ మార్చే వీలు లేక, దగ్గరి గురి మీదికి తిప్పినప్పుడల్లా ఆమె తడబడింది. రెండోది ఒకటి నుంచి పది రెట్ల వరకూ వెళ్ళేది. రైఫిల్ బల్ల మీద ఉండగానే నేను వంగి అందులోంచి చూస్తే నాలుగు వందల గజాల దూరంలోని పలక మీద పెచ్చులూడిన రంగు కూడా కనిపించింది. ఇదే తీసుకుందాం అని నేను పట్టుబట్టాను. పద్మ తీసుకుని, మోకాలి మీద కూర్చుని కాల్చింది. బరువుకు చెయ్యి వణికింది, పది రెట్ల దగ్గర ఆ వణుకూ పది రెట్లయింది. తల కాస్త కదిలితే చాలు, అద్దమంతా నల్లబడుతోంది. ఇంకోసారి చూడు, అలవాటవుతుంది అన్నాను.

ఆమె రైఫిల్ ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, చెవుల మీది, శబ్దం ఆపే మఫ్స్ తీసింది. "మీకు కనిపిస్తే నాకు కనిపించినట్టు కాదు కదండీ" అంది. కోపం లేదు, అలసట ఉంది. ఏడాదిపాటు ఆ చెదిరిన చుక్కతో ఒంటరిగా కుస్తీ పట్టిన మనిషి ఆమె. నేను వెళ్ళి పులిహోర డబ్బా విప్పాను.

మూడోది ఒకటి నుంచి ఆరు రెట్లు. తిన్నాక కేరల్ ఆమెను ఆకాశం వైపు చూస్తూ కంటి దగ్గరి రింగు తిప్పమంది. గీతలు నల్లగా, సన్నగా తేలే దాకా తిప్పింది. ఒకటి దగ్గర పెట్టి, రెండు కళ్ళూ తెరిచి దగ్గరి కాగితాలు మూడింటినీ ఆగకుండా కొట్టేసింది. పక్కనున్న మీటను తోసి ఆరుకు తెచ్చింది. మధ్యాహ్నపు గాలి మొదలవడంతో మూడు వందల గజాల పలక తప్పింది. నేను బైనాక్యులర్స్ ఎత్తేలోపే, "కుడి పక్కన దుమ్ము లేచింది, చూశాను" అంది. కొంచెం ఎడమకు జరిపి మళ్ళీ కాల్చింది. కాసేపటికి కొండల్లోంచి టంగుమని చప్పుడొచ్చింది. పద్మ వెనక్కి తిరగకుండా ఎడమచెయ్యి చాచి నా మోకాలు పట్టుకుంది. అలాగే ఇంకో నాలుగుసార్లు మోగించింది.

తిరుగు ప్రయాణంలో ఆమె సీటు వెనక్కి వాల్చి నిద్రపోయింది. నేను రేడియో కట్టేసి, ఎండ ఆమె ముఖం మీద పడకుండా పక్క అద్దానికి నా చొక్కా అడ్డం పెట్టాను. ఎక్కువ చూపించేదే మంచి అద్దమని అంతవరకూ నా లెక్క. నాలుగు వందల గజాల అవతల రంగు ఊడిన పలక నాకు కనిపించింది గానీ, పక్కసీట్లో ఏడాదిగా భయపడుతున్న మనిషి కనిపించలేదు. ఆ సంగతి ఇంకా ఆమెతో అనలేదు. ఇలా రాస్తే చదువుతుందని తెలుసు.

మీరూ ఇలాంటి స్కోప్ కోసం వెతుకుతుంటే, ముందు రెడ్ డాట్‌ని ఫోన్‌తో ఫోటో తీసి చూడండి. ఫోటోలో గుండ్రంగా ఉండి, మీ కంటికి చెదిరితే లోపం అద్దంలో ఉండకపోవచ్చు. కంటి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ బుక్ చేసుకోండి. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి.