రెండు జేబుల సర్పంచి

ఆ రోజుల్లో ఒక మనిషి గొంతూ నడకా నాకు పట్టుబడ్డాయంటే ఆ మనిషి మొత్తం నాకు అర్థమైపోయాడనే అనుకునేవాణ్ణి. (ఇరవై రెండేళ్ళ వయసు మరి. ఆ వయసులో అర్థం కానిదంటూ లోకంలో ఏముంటుంది?) ఏలూరులో ఒక ఫ్లెక్సీల షాపులో డిజైనర్‌గా చేరి అప్పటికి ఏడాదయింది. నాయకుల మొహాలకి తెలుపు పెట్టడం, జుట్టుకి నలుపు వెయ్యడం, చిన్న నాయకుణ్ణి పెద్ద నాయకుడి పక్కకి జరిపి ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే కంచంలో తిన్నట్టు చూపించడం నా ఉద్యోగం. ఆదివారం ఊరొచ్చి, చర్చి అయ్యాక అరుగు మీద కూర్చుని, అదే నాయకుల గొంతులు మా కుర్రాళ్ళకి వినిపించడం నా సరదా. వాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. నన్ను మించినవాడు జిల్లాలో లేడని నేను గట్టిగా నమ్మేవాణ్ణి.

మా ఊరు కొల్లేరు ఒడ్డున ఉంటుంది. నాలుగు వైపులా చేపల చెరువులే, తాగడానికి మాత్రం బిందెడు మంచినీళ్ళు దొరకవు. ఆ ఏడు మా సర్పంచి సీటు ఎస్సీలకి రిజర్వయింది. గెలిచినాయన నాకు వరసకి బాబాయి, మా చర్చిలోనే పుట్టి పెరిగినవాడు. ఇక్కడ బయటివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. మా పేటలో ఆదివారం అందరం చర్చికి వెళ్ళేవాళ్ళమే, కాగితాల మీద మాత్రం చాలామందిమి హిందువులమే. క్రైస్తవుడని కాగితం మీద పడితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది, దాని వెనకే చదువులూ ఉద్యోగాలూ ఇలాంటి సీట్లూ పోతాయి. మా తాతల కాలం నుంచీ ఇలాగే నడుస్తోంది. నాకు తెలియదని కాదు, తెలిసినదాన్ని తలచుకోకుండా ఉండడం మా పేటలో నడక వచ్చేలోపే వచ్చేస్తుంది.

మామూలు మనిషికైతే ఇది ఇబ్బంది కాదు. సర్పంచికి ఇబ్బందే. అమ్మవారి జాతరలో మొదటి కొబ్బరికాయ ఆయనే కొట్టాలి, పూజారి గారు పెట్టిన బొట్టు పెట్టించుకోవాలి. ఆదివారం చర్చిలో మూడో వరసలో కూర్చోవాలి. గుడికీ చర్చికీ మధ్య దారిలో ఒక కల్వర్టు ఉండేది. బాబాయి అక్కడ బండి ఆపి, కర్చీఫు తీసి, నుదురు శుభ్రంగా తుడుచుకుని చర్చికి వచ్చేవాడు. ఒక ఆదివారం జాతర పని మీద ఉదయాన్నే తిరిగి ఆలస్యమైపోయి, హడావిడిలో సగమే తుడుచుకుని, నుదుటి మీద గులాబీ రంగు మరకతో లేచి నిలబడి దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. మా పాస్టరు అయ్యగారు వెంటనే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టి, బాబాయి సంగతి గ్రహించి కర్చీఫు తీసేదాకా ఆపలేదు. ఆయన జీవితంలో అంత పొడుగు ప్రార్థన మళ్ళీ వినలేదు.

నాకు ఆ క్షణంలోనే క్రిస్మస్ నాటిక దొరికిపోయింది. రాసుకుని అయ్యగారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, రెండుసార్లూ మధ్యలో నవ్వి, వద్దన్నాడు. మనవాడయ్యా అన్నాడు, మనలోంచి ఇన్నాళ్ళకి ఒకడు కుర్చీ ఎక్కితే మనమే నవ్వితే ఆయన వైపు ఎవరు నిలబడతారన్నాడు. నాకు మాటకి మాట చెప్పడం అప్పట్లో బాగా వచ్చు. "మనవాడు కాబట్టే అడగాలండీ అయ్యగారూ. పరాయివాడు రెండు నాలుకలతో మాట్లాడితే మనకేం సిగ్గు? మన దేవుడి పేరు చెప్పుకునేవాడు మాట్లాడితేనే కదండీ సిగ్గు" అన్నాను. అయ్యగారు కాగితాలు నా చేతికిచ్చేసి, నీ ఇష్టమయ్యా అన్నాడు. (ఆ వాదనలో తప్పు ఎక్కడుందో పదేళ్ళుగా వెతుకుతున్నాను. తప్పు వాదనలో లేదేమో, వాదించినవాడిలో ఉందేమో.)

నాటిక బ్రహ్మాండంగా వచ్చింది. సర్పంచి చనిపోయి పరలోకం గేటు దగ్గరికి వెళ్తాడు. దేవదూత కౌంటర్లో కూర్చుని, సర్టిఫికెట్ ఉందా అంటాడు. సర్పంచి కుడి జేబులోంచి ఒకటి, ఎడమ జేబులోంచి ఇంకొకటి తీస్తాడు. ఇందులో మీది ఏదయ్యా అని దేవదూత అడిగితే, వంగి నమస్కారం పెట్టి, "తమరికి ఏది కావాలంటే అదేనండీ" అంటాడు. బాబాయి గొంతులో ఒక చిన్న జీర ఉండేది, మాట మొదలుపెట్టేముందు ఒకసారి మింగేవాడు. సర్పంచి వేషం నాదే, అది కూడా వదలకుండా పట్టాను. చర్చి హాలు దద్దరిల్లిపోయింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ముందు వరసలో కూర్చున్న బాబాయే. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చి కర్చీఫు తీసి తుడుచుకున్నాడు, అది చూసి జనం ఇంకా నవ్వారు. అయ్యాక తెర వెనక్కి వచ్చి నా భుజం తట్టాడు. బాగా చేశావన్నాడు, మీ పిన్ని కూడా నన్ను ఇంత పట్టిపట్టి చూడలేదన్నాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "వీడియో తీశారా అబ్బాయ్?" అని అడిగాడు. తీశామండీ, మీకూ పంపిస్తానన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. కాపీ కావాలనే అడిగాడని అనుకున్నాను, అంతటి తెలివైనవాణ్ణి నేను.

మర్నాడే దాన్ని యూట్యూబులో పెట్టాను. 'మా సంఘ సభ్యులు, మా సర్పంచి గారి మీద మా యూత్ నాటిక' అని శీర్షిక పెట్టి (సంఘమంటే మా చర్చే), కింద బాబాయి ముందు వరసలో నవ్వుతున్న ఫొటో అంటించాను. ఎగతాళి చేస్తూనే ఆయన మావాడని చెప్పుకోవాలన్న గొప్ప కూడా ఉంది నాకు, ఆ శీర్షికలో రెండూ ఉన్నాయి. రెండు వారాల్లో మా ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి, ఎన్నికల్లో ఓడిపోయినాయన ఫోనులోకి చేరింది. ఆయన అది చూసి నవ్వలేదు. సీడీలో వేయించి, ఫిర్యాదుకి జత చేసి ఏలూరులో కలెక్టరుకి ఇచ్చాడు. గెలిచినాయన క్రైస్తవుడు, ఆయన ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు, వాళ్ళ చర్చివాళ్ళే నాటకం వేసి మరీ ఒప్పుకున్నారు, ఇదిగో సాక్ష్యం అని రాశాడు. విచారణకి రమ్మని బాబాయికి నోటీసు వచ్చింది, నాకూ వచ్చింది.

ఆ ఉదయం నేను షర్టు ఇస్త్రీ చేసుకుంటుంటే నాన్న బీరువా తెరిచి ఒక ప్లాస్టిక్ కవరు నా ముందు పెట్టారు. అందులో నా ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. నా డిగ్రీ మూడేళ్ళూ దాని మీదే చదివాను. "నీ జేబులోనూ ఇదేరా ఉంది" అన్నారు, అంతే. నాన్న ఎప్పుడూ ఎక్కువ మాట్లాడరు. కాసేపటికి, అడిగితే ఊరికే కల్పించిన నాటకమని చెప్పమన్నారు, ఆయన్ని చర్చిలో ఎన్నడూ చూడలేదని రాసిమ్మంటే రాసిచ్చెయ్యమన్నారు. పరలోకం గేటు దగ్గర నేను నిలబెట్టింది బాబాయిని ఒక్కణ్ణే కాదు, మా నాన్నని కూడా. ఆ సంగతి నవ్విన జనంలో కూర్చున్న మా నాన్నకి అప్పుడే తెలుసు.

కలెక్టరు ఆఫీసులో విచారణ చేసే ఆఫీసరు గారు బల్ల మీద ఫోను నిలబెట్టి వీడియో పెట్టారు. గుమాస్తాలు ఇద్దరు వచ్చి వెనక నిలబడ్డారు, టీ తెచ్చినాయన కూడా ఆగిపోయాడు. జేబుల్లోంచి కాగితాలు తీసే చోటుకి వచ్చేసరికి అందరూ నవ్వారు. మా చర్చిలో నవ్విన చోటే నవ్వారు. కానీ అక్కడ నవ్విన ప్రతివాడికీ ఇంట్లో ఒక ప్లాస్టిక్ కవరుంది, వాడు తనని తాను చూసుకుని నవ్వాడు. ఇక్కడివాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతున్నారు. నా గొంతు ఆ ఫోనులోంచి వస్తుంటే దాన్ని నోట్లోకి వెనక్కి లాక్కోగలిగితే బాగుండుననిపించింది. బాబాయి ప్లాస్టిక్ కుర్చీలో అంచు మీద కూర్చుని నేల చూస్తున్నాడు. ఆయన అప్పటికే తన మాట రాసిచ్చాడు: సర్పంచిగా పిలిచారు కాబట్టి జాతరకీ వెళ్ళాను, క్రిస్మస్‌కీ వెళ్ళాను అని. అది నిలబడాలంటే నా మాట కలవాలి.

నన్ను అడిగారు. నాటకమండీ, అంతా కల్పితమండీ అన్నాను. మరి 'మా సంఘ సభ్యులు' అని ఎందుకు పెట్టావన్నారు. ఎక్కువమంది చూస్తారనండీ అన్నాను. సరే అయితే, ఇది చూసుకుని సంతకం పెట్టమని గుమాస్తా ఒక కాగితం నా వైపు జరిపాడు. ఈయనను నేను చర్చిలో ఆరాధనలో ఎన్నడూ చూడలేదు, దేవుని సాక్షిగా ఇది నిజము అని ఉంది. నేను కలం పట్టుకున్నాను. బాబాయిని నేను చూడని ఆదివారం లేదు. నాకు బాప్తిస్మం ఇచ్చిన రోజు నీళ్ళలో నా వీపు కింద చెయ్యి వేసి పట్టుకున్నది కూడా ఆయనే. అక్షరాలు కదులుతున్నట్టు అనిపించింది, కదులుతున్నది నా చెయ్యి అని కాసేపటికి తెలిసింది.

బాబాయి లేచి నిలబడ్డాడు. మాట మొదలుపెట్టే ముందు ఎప్పటిలాగే ఒకసారి మింగాడు. "ఆ అబ్బాయి చేత అబద్ధం రాయించకండి సార్. నేను చర్చికి వెళ్తానండీ. చిన్నప్పటినుంచీ వెళ్తున్నానండీ. నేను యేసయ్యని నమ్ముకున్నవాణ్ణేనండీ" అన్నాడు.

ఆఫీసరు గారు కళ్ళజోడు తీసి, ఆలోచించుకుని చెప్పండి, ఇది రికార్డవుతుంది అన్నారు, మెత్తగానే అన్నారు. రాసుకోండి సార్ అన్నాడు బాబాయి.

తిరిగొచ్చేటప్పుడు బాబాయి నా బండి వెనక కూర్చున్నాడు. వట్లూరు దగ్గర టీ కోసం ఆపితే నాకు ఏడుపు ఆగలేదు. నడిరోడ్డు పక్కన, మీసాలొచ్చినవాణ్ణి, వెక్కి వెక్కి ఏడిచాను. ఎందుకు చెప్పేశారు బాబాయ్ అని అడిగాను. "నీ చెయ్యి వణుకుతుంటే చూడలేకపోయానురా" అన్నాడు. టీ చల్లారేదాకా ఊదుకుని, "నాకూ అలుపొచ్చేసిందిలే అబ్బాయ్" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆయన రెండు తిట్లు తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

కొన్ని నెలలకి ఉత్తర్వు వచ్చింది, పదవి పోయింది. ఓడిపోయినాయన గెలిచాడు. బాబాయి ఏలూరు ఆఫీసుల చుట్టూ సోమవారం సోమవారం తిరిగి తెచ్చిన మంచినీళ్ళ పథకం, ట్యాంకు గోడలు లేచినంతవరకు లేచి ఆగిపోయింది. వాళ్ళమ్మాయి నర్సింగు చదువు కూడా ఆగింది, ఎందుకో చెప్పక్కర్లేదు. బాబాయి చేపల చెరువుల మీద మేత బస్తాలు మోయడానికి వెళ్ళాడు. ఆ అమ్మాయి ఇప్పటికీ నన్ను అన్నయ్యా అనే పిలుస్తుంది. పిలిచిన ప్రతిసారీ నేను వేరే వైపు చూసి జవాబు చెప్తాను.

ఇప్పుడు నాకు తాడేపల్లిగూడెంలో సొంత ఫ్లెక్సీల షాపుంది. ప్రతి డిసెంబరులోనూ మా చర్చి కుర్రాళ్ళు వస్తారు. మన దేవుడి పేరు చెప్పి ఓట్లడిగి, గెలిచాక మొహం చాటేసిన పెద్ద నాయకుడి మీద నాటిక రాసిమ్మంటారు. నేను కూడదనను. ఆ నాయకుణ్ణి చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది, దేవుణ్ణి ఫ్లెక్సీ మీద బొమ్మ చేసుకున్నవాణ్ణి అడగాల్సిందే. కాకపోతే మీరు నవ్వబోయేది కుర్చీలో ఉన్న మనిషినా, ఆ మనిషి భయాన్నా అని ఒకసారి చూసుకోండర్రా, భయమైతే వదిలెయ్యండి అంటాను. ఈ మావయ్యకి వయసు మీద పడి చాదస్తం వచ్చిందని వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. (నాకింకా ముప్ఫై మూడే.)

మొన్న మా వాణ్ణి ఒకటో తరగతిలో చేర్పించడానికి వెళ్ళాను. ఫారంలో పేరు రాశాను, పుట్టినరోజు రాశాను, మతం అన్న చోట కలం ఆగింది. కౌంటర్లో అమ్మాయి, వెనక లైనుంది సార్, తొందరగా రాయండి అంది. పక్కన మా వాడు, చదవడం కొత్తగా వచ్చిన ఉత్సాహంలో, నేను ఏం రాస్తున్నానో చూద్దామని మునివేళ్ళ మీద లేచాడు. నేను ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని రాసి ఇచ్చేశాను. బయటికొచ్చాక నా తెలివికి నాకే నవ్వొచ్చింది, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఏం రాశానో మాత్రం మీకు చెప్పను. చెబితే, ఈ క్రిస్మస్‌కి మా కుర్రాళ్ళకి నాటిక దొరికినట్టే.