అంకెలు నాకు వేరేగా కనిపించేవి

సూర్యుడికి మొక్కే ఛఠ్ పండగ రోజుల్లో గోవింద్‌పూర్‌లోని మా పక్కింటి నుంచి నేతిలో ఠేకువా అనే తీపి గోధుమ బిళ్లలు వేగే కమ్మటి వాసన వస్తే, హిందీ మాట్లాడే ఈ కార్ఖానాల ఊళ్లోనే నేను పెరిగిన భాలుబాసా సందు, చలికాలపు పల్చటి ఎండ, తాళ్ల మీద ఆరేసిన కార్ఖానా చొక్కాలు, మా వరండాలో సుద్దతో గీసిన అష్టాచెమ్మా గళ్లు ఒక్కసారిగా కళ్ల ముందుకొస్తాయి. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అమ్మ, నాన్నను డ్యూటీకి పంపేసి, మా చేతికి చోడి అంబలి ఇచ్చి, తనూ ఆటకు కూర్చునేది. గవ్వలు పడగానే పిల్లలందరూ చూపుతోనే ఎన్ని వెల్లకిలా పడ్డాయో చెప్పేసేవారు. నేను మాత్రం ఒక్కొక్కదాన్నీ తాకి చూస్తేగానీ చెప్పలేకపోయేదాన్ని. అందరూ నవ్వేవారు. అమ్మ నవ్వేది కాదు.

బళ్లో ఏ కథయినా ఒకసారి వింటే పొల్లుపోకుండా అప్పజెప్పేదాన్ని. లెక్కల దగ్గర మాత్రం అంకె కనపడేది, అదెంతో తోచేది కాదు. చివరికి లెక్కల సార్ అమ్మను పిలిపించి, నాకు బుర్ర లేదని, అదే తరగతిలో ఉంచేస్తామని చెప్పాడు.

"ఆయన సెప్పీడమేటి, మనమినీడమేటి? పద, సూపించుకుందాం" అంది అమ్మ దారిలో.

ఆస్పత్రిలో పిల్లలకు ఇలాంటి పరీక్షలు చేసే ఒక బెంగాలీ ఆమె నా చూపు, వినికిడి గురించి కనుక్కుంది, బడంటే భయమా అని అడిగింది, కథ చెప్పించుకుంది. చుక్కలున్న రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఎటు ఎక్కువున్నాయో చెప్పమంది. నేను తాకబోతూ వేలు చాపగానే, గవ్వల దగ్గరా ఇంతేనని అమ్మ వచ్చీరాని హిందీలో చెప్పింది. అప్పుడామె తన తల వెనక పైభాగాన చెయ్యి పెట్టి చూపించింది. 'ఎంత' అని అంచనా కట్టే పని ఎక్కువగా అక్కడే జరుగుతుందని, నాలో అది వేరే తీరుగా సాగుతున్నట్టుందని, తెలివికి లోటు లేదని, ఇది బద్ధకం కాదని నిదానంగా వివరించింది. తలకు ఫొటో తీస్తే తేలేది కాదట, ఇలా చేయించి చూడాల్సిందేనట. మందు లేదు, బొమ్మలు గీసి నేర్పాలి, టైమివ్వాలి.

"ఇన్నావా? నీ తప్పేటీ నేదు" అంది అమ్మ బయటికొచ్చాక. ఇక లెక్కల గురించి ఏడవనని, బళ్లో అలవాటైన హిందీలో జవాబిచ్చాను.

మర్నాడు సార్ బోర్డు మీద గుణకారం వేసి నన్నే పిలిచాడు. "టైమివ్వండి సార్, చేస్తాను" అన్నాను. వరసలుగా చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. క్లాసంతా నవ్వింది. గంట కొట్టారు, అందరూ వెళ్లిపోయారు, నేను కదల్లేదు. సార్ కూడా విసుగ్గా కుర్చీలోనే ఉండిపోయాడు. జవాబు రాసి సుద్దముక్క బల్ల మీద పెట్టాను.

"ఒక్క లెక్కకి ఇంతసేపా?"

"వచ్చింది కదా సార్."

ఆయన బోర్డు వంక చూసి వెళ్లిపోయాడు. ఆ ఏడు నన్ను ఆపలేదు.

ఇప్పుడా సందులో వరండాలు లేవు, అపార్టుమెంట్లు లేచాయి. 'ఏటి' అని పలకరించే అమ్మా లేదు. నేను హిందీ టీచర్ని. మొన్న స్టాఫ్‌రూమ్‌లో మార్కులు కూడుతూ వేళ్లు మడుస్తుంటే కొత్తగా వచ్చిన మాస్టారొకాయన నవ్వాడు. ఆయన వైపే చూస్తూ, మళ్లీ మొదటి నుంచి, నెమ్మదిగా మడిచాను.