కత్తెర పురుగుకు పట్టిన బూజు

మా ఆయనకు దమ్ము జబ్బు. ముసురు పట్టిందంటే ఊపిరి ఆడదు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. అందుకే సుల్తానాబాద్ పక్కన మాకున్న మొక్కజొన్న చేనులో మందు కొట్టడం కొన్నేళ్లుగా నా వంతే.

ఆ వానాకాలం మొక్క మోకాలెత్తు లేచేసరికి కత్తెర పురుగు పడింది. మొక్క నడిమి ఆకుల సుడి విప్పితే లోపల రంపపు పొట్టులా దాని రెట్ట, అడుగున పురుగు. ఘాటు మందు కొడదామంటే ఆ వాసనకే ఆయనకు దగ్గు తెగదు. నా బట్టలకు అంటిన వాసన ఇంట్లోకి తేవాలన్నా భయమే. ఆ సంగతి చెబితే వ్యవసాయ ఆఫీసు మేడం బూజు పొడి వాడమంది. పురుగు ఒంటికి అంటుకుని, లోపలికి దిగి చంపే బూజు అది.

“ఎండల కొట్టకు అక్కా, బూజు సచ్చిపోతది. పొద్దుగూకంగ కొట్టు. గాలిల తేమ ఉండాలె,” అంది.

తేమ ఎక్కడుంది? మొలకలప్పుడు పడిన వాన మళ్లీ పడలేదు. బావి నీళ్లు పారించి, నేల తడి ఆరకముందే సాయంత్రం బూజు పొడి కలిపిన నీళ్ల పంపు వీపున వేసుకున్నాను. ప్రతి సుడిలో పడేలా కొట్టాను. తెల్లారితే ఆకులు ముడుచుకునే ఎండ. పురుగులు మేస్తూనే ఉన్నాయి. కొన్నాళ్లు ఆగి మళ్లీ కొట్టాను. అప్పుడూ అంతే. భుజాలు గుంజుతుంటే వచ్చి గడపలో కూలబడ్డాను.

“ముసురు పడితె మంచిగుండు,” అన్నాను, ఎవరి ముందు అంటున్నానో చూసుకోకుండా.

ఆయన నవ్వాడు. “పడనియ్యి. నాకేమైతది, జర దగ్గు అస్తది. మక్క పోతె ఏం జేస్తం?”

నాకు వాన రావాలనే ఉంది, రాకూడదనీ ఉంది.

వచ్చింది. ఎండ పొడ లేదు. ఇల్లంతా చెమ్మ, ఆరని బట్టల వాసన. ఆయన ఛాతీలో పిల్లికూతలు. ఆవిరి పట్టించినా, పీల్చే మందు ఇచ్చినా తగ్గక, ఆటోలో కరీంనగర్ ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఆక్సిజన్ పెట్టి అక్కడే ఉంచుకున్నారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన ఊపిరి వింటూ ఉండిపోయాను. చేను గుర్తే రాలేదు.

ఆయనను ఇంటికి తెచ్చాక, తుంపరలోనే చేనుకు పోయాను. సుడుల్లో పురుగులు లేవు. పై ఆకులకు ఎక్కి, పట్టుకున్నచోటే బిర్రబిగిసి చచ్చాయి. కొన్ని సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి, కొన్నింటి మీద ఆకుపచ్చటి పొడి లేచింది. వేలితో తాకితే ఒకటి పుటుక్కున విరిగింది. సంతోషపడేంత ఓపిక లేదు. తడి గట్టు మీదే కూర్చుని మేడంకు ఫోన్ చేశాను.

“ఇది నేను కొట్టిందేనా, మేడం?”

“ఏమో అక్కా. నువ్వు కొట్టింది కావచ్చు, చేన్ల ముందునుంచి ఉన్న బూజు కావచ్చు. గిసొంటి వాన, మబ్బు దొరికితె ఏదైనా పెరుగుతది.”

ఇంట్లో చెప్పగానే ఆయన దిండు మీంచి తల ఎత్తాడు. “సచ్చినయా?”

“సచ్చినయ్. నువ్వు పండుకో.”

చేనులో సగం బాగానే కంకులు వేసింది. పురుగు ముందుగా తిన్న సగం గిడసబారింది. వానలు పోయాక యాసంగి పంటకు మళ్లీ మక్కే వేశాం, మళ్లీ పురుగే వచ్చింది. మబ్బు తునక లేని ఆకాశం, బూజు బతకని పొడి గాలి. ఆయన దగ్గు లేకుండా నా పక్క సాలులో నడుస్తూ, పురుగులను చేత్తో ఏరి సబ్బు నీళ్ల డబ్బాలో వేశాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరం ఏరుతూనే ఉన్నాం.