మా సునీత ఏడాదిని వృథా పోనివ్వని సింహాచలం అన్నయ్య

నిన్న ఉదయం పాల ప్యాకెట్ కత్తిరిస్తుండగా పార్వతి వదిన ఫోన్ చేసింది.

"మీ అన్నయ్య లెగనేదమ్మా" అంది. అంతే.

నాకు అర్థం కాలేదు. "జ్వరమా వదినా?" అని అడిగాను. అవతల ఏడుపు వినిపించాక పాలు ఎక్కడ పెట్టానో కూడా తెలియలేదు.

సింహాచలం అన్నయ్య ఇక లేరు.
నిద్రలోనే వెళ్ళిపోయారు.

ఈ హిందీ ఊళ్ళో, మా భాలుబాసా పేటలో ఆయన కళ్ళజోళ్ళ షాపు తెలియని తెలుగువాళ్ళు తక్కువ. ఆయన సింహాద్రి అప్పన్నకు మొక్కే మనిషి. నేను యేసు ప్రభువును నమ్ముకున్నదాన్ని. రక్తసంబంధం ఏమీ లేదు. అయినా ఇరవై ఏళ్ళుగా నన్ను "సెల్లీ" అనే పిలిచారు.

పోయిన ఏడాది మా అమ్మాయి సునీతకు ఆప్టోమెట్రీ కాలేజీలో, అంటే కంటిచూపు పరీక్షించే చదువులో, సీటు రాలేదు. అమ్మాయి గది తలుపు వేసుకుని కూర్చుంది. చుట్టాలు ఫోన్ చేసి "అయితే ఏడాదంతా ఖాళీయేనా?" అని అడిగేవారు. ఆ మాటకు నేనే చచ్చిపోయేదాన్ని.

అన్నయ్య వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఖాళీ ఏటి? ఈ ఊళ్ళో కళ్ళు మసకేసినోళ్ళు ఈ ఏడు సెలవెట్టినారా? రేప్పొద్దున్న గుంటని షాపుకి పంపు సెల్లీ."

మొదటి రెండు నెలలు సునీతను ఏ మెషీన్‌నూ ముట్టనివ్వలేదు. చేతికి ఒక టైలర్ టేపు, ఒక నోట్‌బుక్ ఇచ్చారు. షాపుకు వచ్చిన ప్రతి మనిషినీ మూడు ప్రశ్నలు అడగాలి. ఏం పని చేస్తారు? ఆ పనిలో దేన్ని చూస్తారు? అది కంటికి ఎంత దూరం? ఆ దూరం టేపుతో కొలిచి రాయాలి.

బియ్యంలో రాళ్ళు ఏరే ఆమెకు ఒక దూరం. బ్లౌజులు కుట్టే ఆమెకు ఇంకొకటి. పాటల పుస్తకం పట్టుకుని నిలబడే మా పాస్టర్ గారికి మరొకటి. డాక్టర్ రాసిన పవర్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం అనేవారు అన్నయ్య. ముప్పై ఏళ్ళు ఆయన అలాగే పనిచేశారు.

నాలుగో నెలలో ఒక పొరపాటు జరిగింది.

ఆ రోజు అన్నయ్య ఫ్రేములు తేవడానికి బిష్టుపూర్ వెళ్ళారు. గోవింద్‌పూర్ నుంచి ఒక క్రేన్ ఆపరేటర్ వచ్చారు. డాక్టర్ చీటీలో దూరానికీ దగ్గరకీ వేరు వేరు పవర్లు ఉన్నాయి. సునీత మూడు ప్రశ్నలూ అడిగింది, టేపు పెట్టి కొలిచింది. రెండు జోళ్ళు మార్చుకోవడం కష్టమని ఒకే ఫ్రేములో పైన దూరానికీ కింద దగ్గరకీ అద్దం ఉండే బైఫోకల్ చెప్పింది. సాయంత్రం అన్నయ్య నోట్‌బుక్ చూసి సరే అన్నారు.

ఆ క్రేన్ క్యాబిన్‌కు నిటారు మెట్లెక్కి వెళ్ళాలి. ఆ కొత్త జోడుతో దిగేటప్పుడు కిందికి చూస్తే కళ్ళు దగ్గర చూపు అద్దంలో పడతాయి. మెట్టు మసకైపోయింది. ఆయన జారారు. దేవుని దయవల్ల మడమ వాపుతో పోయింది.

తెలిసిన రోజే అన్నయ్య పళ్ళు కొని, సునీతను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆ ఆపరేటర్ భార్య మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు.

"సిన్నపిల్లల సేత యాపారం సేయించీసి ఇప్పుడు పళ్ళట్టుకొచ్చినారా?" అంది.

అన్నయ్య చేతులు జోడించారు. "పిల్లది కాదమ్మా, తప్పు నాది. అక్కడికెలాగ ఎక్కుతావు బాబూ అని అడగాల. ముప్పయ్యేళ్ళలో ఒక్కసారీ నాకా మాట తోచనేదు."

మంచం మీదున్న ఆయనే నవ్వేశారు. "రెండు మెట్లు అవుపడ్డాయి బాబూ. లేనిదాని మీద కాలేసీసినాను."

అందరం నవ్వాం. సునీత మాత్రం ఏడ్చింది.

ఆయనకు రెండు జోళ్ళు వేరుగా చేసి ఇచ్చారు. ఆ రోజు నుంచి షాపులో ప్రశ్నలు నాలుగయ్యాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సునీత "ముఝ్‌సే నహీ హోగా మావయ్యా, నేను మళ్ళీ అప్లై చెయ్యను" అంది.

"బయమేసినాది కదా? మంచిదే. బయమెయ్యనోడి సేతికి నా కళ్ళజోడు కూడా ఇవ్వను నేను" అన్నారు.

మర్నాడు పొద్దున్నే వచ్చి ఆయనే దాన్ని షాపుకు తీసుకెళ్ళారు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి.

కాలేజీ అప్లికేషన్‌లో ఈ ఏడాది ఏం చేశారో రాయమని ఒక పేజీ ఉంది. సునీత ఇంటర్నెట్‌లో చూసి ఇంగ్లీషులో చక్కగా రాసింది. మొన్న ఆదివారం అన్నయ్యకు చదివి, తెలుగులో చెప్పింది. ఆయన అంతా విని, "బాగుంది గానీ, పడిపోయినాయన ఏడే?" అన్నారు.

"అది రాస్తే సీట్ నహీ మిలేగా, మావయ్యా."

నేను కూడా కూతురి వైపే మాట్లాడాను. "అవన్నీ ఎందుకన్నయ్యా, మంచివి చాలు కదా" అన్నాను. రోజూ మోకరించి సత్యం కోసం ప్రార్థించే నేను, ఆ మాట అన్నాను.

ఆయన వాదించలేదు. "మీ ఇష్టం సెల్లీ" అని టీ తాగి వెళ్ళిపోయారు.

సునీత అలిగి రెండు రోజులు షాపుకు వెళ్ళలేదు.
మూడో రోజు పొద్దున వదిన ఫోన్ వచ్చింది.

నిన్న ఆయన్ని తీసుకెళ్ళాక సునీత వదిన పక్కనే కూర్చుంది.

అప్లికేషన్‌కు ఈ రోజే చివరి రోజు. ఉదయం లేచి చూస్తే అమ్మాయి రాసుకుంటోంది. పాతదంతా తీసేసింది. నన్ను పిలిచి తెలుగులో చెప్పింది. మొదటి రెండు వాక్యాలే ఇవి: "ఈ ఏడాది నేను ఇచ్చిన సలహా వల్ల ఒక మనిషి మెట్ల మీద జారారు. ఏ ప్రశ్న అడగడం మరిచానో నేర్చుకోవడానికి మిగిలిన ఏడాది పట్టింది."

"పంపనా అమ్మా?" అని అడిగింది.

నాకు లోపల భయం వేసింది. సీటు రాకపోతే మళ్ళీ ఆ తలుపు మూసుకుంటుందేమో అనిపించింది. అయినా దాని తల మీద చెయ్యి పెట్టి "పంపు" అన్నాను.

పంపేసింది.
వస్తుందో రాదో ప్రభువుకు తెలుసు.

అన్నయ్యా, మీరు చెప్పినట్టే రాసింది. ఒక్క రోజు ఆలస్యమైంది, మమ్మల్ని క్షమించండి.

మీ ఆత్మకు దేవుడు నెమ్మదినివ్వాలి. మా పార్వతి వదినకు ఆదరణ కలగాలి. వెళ్ళి రండి, అన్నయ్యా.