ముట్టరాదని రాసిన డబ్బా

పోయిన వానకాలం వికారాబాద్‌ల కూసొని, తాండూరులో నేను చూసే దవాఖాన కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌ల సెట్టింగులు మారుస్తున్న. ఒక్క లైను తప్పు కొట్టిన. దవాఖాన నెట్‌వర్క్ తెగింది, ఇక్కడి నుంచి నేను దాన్ల పోయే దారి కూడా తెగిపోయింది. యాక్సిడెంటైన మనిషి స్కానింగ్ డాక్టరుకు కనబడుతలేదని ఫోనొచ్చింది.

ఇంకా సేవ్ చేయలే. స్విచ్ ఆపి మళ్ల పెడితే పాత సెట్టింగులే వస్తయి. స్విచ్ ఉన్న గది తాళం ఊడ్చే యాదమ్మ దగ్గరుంటది. ఆమెకు ఫోన్ చేసిన.

"పచ్చలైట్ల డబ్బా ప్లగ్గు పీకి, పది లెక్కపెట్టి మళ్ల పెట్టు, యాదమ్మా."

"ఎవరూ ముట్టరాదని కాయిదం అంటించింది మీరే గద సారూ. నా నౌకరి పోతది."

"పీకకుంటే లోపలున్నాయన పాణం మీదికొస్తది."

ఆమె గది తాళం తీసింది. పీకి, పది లెక్కపెట్టి, మళ్ల పెట్టింది. నాలుగు నిమిషాలకు స్కానింగ్ తెర మీదికొచ్చింది.

ఆ కాయిదం ఇంకా అక్కడే ఉంది. తెల్లారి తాండూరు పోయి, దాని కింద నా చేత్తోనే రాసిన: యాదమ్మ తప్ప.