పెద్దల సభ దర్జీ

మా బాబాయి పెద్దల సభకు దర్జీ. ఆ సభలోని వాళ్లను జనం ఎన్నుకోరు, ప్రభుత్వమే నియమిస్తుంది; పదవి బతికున్నంత కాలం. జరీ అంచు నల్లకోటు లేనిదే లోపలికి రానివ్వరు, ఆ కోటు బాబాయే కుట్టాలి. ఏటేటా పెరిగే పొట్టలకు పక్క కుట్లు వదులు చేయడమూ ఆయన పనే. అసలే ముక్కోపి. కొలత తీసేటప్పుడు ఎంతటివాణ్ణయినా "పొట్ట లోపలికి లాగకండి, రేపు గుండీ పట్టక నన్ను తిడతారు" అని కసిరేవాడు.

ఆ కోట్లు కుట్టిన డబ్బుతోనే తన కూతుర్ని, అంటే మా చెల్లెల్ని, లా చదివించాడు. అది ఎన్నికల్లో గెలిచి దిగువ సభకు వెళ్లింది. వెళ్లి ఊరుకుందా? పెద్దల సభను రద్దు చేయాలని రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టింది. బంధువులంతా బుగ్గలు నొక్కుకున్నారు.

"ట్రయల్ చూడకుండా కోటు ఇచ్చేస్తామా? చట్టాన్ని రెండోసారి చూసేవాళ్లు ఉండొద్దూ?" అన్నాడు బాబాయి.

"ట్రయల్ చూసుకోవాల్సింది తొడుక్కునేవాళ్లు కదా నాన్నా! జనం గెలిపించిన సభ పంపిన చట్టాన్ని, జనం ఎవరూ ఎన్నుకోనివాళ్లు ఏళ్ల తరబడి తొక్కిపెట్టడమేంటి?"

"మరి నా కొట్టు సంగతి?"

చెల్లెలు బిల్లు కాగితాలు సర్దుకుని లేచిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బల్ల దగ్గర తింటూ బాబాయి, "ఆ ఉప్పు ఇటివ్వమను" అని పిన్నితో చెప్పించేవాడు.

ఒక సభ్యుడు కొలత ఇస్తూ, "అమ్మాయికి కాస్త నచ్చజెప్పవయ్యా" అన్నాడు.

"అది నాతో మాట్లాడితే కదండీ! మీరే సభలో చెప్పుకోండి. ఆ చెయ్యి పైకెత్తండి."

బిల్లు పెద్దల సభలో ఓటింగ్‌కు వచ్చిన నాడు ఆ పెద్దమనిషి చెయ్యెత్తింది రద్దు వైపే. చాలామంది అలాగే ఎత్తారు. సిగ్గుపడ్డారో, విసిగిపోయారో తెలియదు. సభ పోయింది.

కోట్లు సర్కారువి కాబట్టి జరీ ఊడదీసి ఖజానాకు అప్పగించమన్నారు. బాబాయికి అదే ఆఖరి పని. కొట్టు నిండా కోట్లు పరుచుకుని కూర్చున్నాడు. చెల్లెలు వచ్చి, చెప్పులు విడిచి, పక్కనే నేలమీద కూర్చుని బ్లేడు అందుకుంది.

"నెమ్మదే, గుడ్డ తెగుతుంది" అన్నాడు. అన్ని నెలల తర్వాత దానితో అన్న మొదటి మాట అది.

"కోపం పోయిందా నాన్నా?"

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు చేసింది తప్పు కాదే. ఆ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. అయినా పోలేదు."

అది ఏడ్చింది. ఆయన ఇంకో కోటు తీసి దాని ఒళ్లో వేశాడు.